అడుగా మీటరా, సవరనా గ్రామా: చెన్నైలో ఏ కొలత ఎక్కడ పనికొస్తుంది

చెన్నైలో కాపురం పెట్టిన తెలుగువాళ్ళకి కొలతల గొడవ మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువే. ఊళ్ళో పొలం ఎకరాలు, సెంట్లలో ఉంటుంది. నెల్లూరులో ఇంటి స్థలం అంకణాల్లో చెబుతారు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు గజాల్లో మాట్లాడతాడు. ఇక్కడ బ్రోకరు గ్రౌండు ఎంతో చెబుతాడు. బంగారం సంగతి తీసుకుంటే పుట్టింట్లో కాసులు, తెలంగాణ అత్తవారింట్లో తులాలు, టీ నగర్ కొట్లో సవరన్లు, బిల్లు మీద మాత్రం గ్రాములు. వీటిలో ఏది మంచిదని అడిగితే బడిలో చదువుకున్నవాళ్ళంతా మెట్రిక్ అంటారు. ఇంట్లో మాత్రం ఎవరూ దాన్ని పూర్తిగా వాడరు. అందులో తప్పేమీ లేదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. కొలిచేది మీరే, వాడుకునేది మీరే అయితే మీ చేతికి అలవాటైన కొలతే వాడండి. కొలిచేవాడు ఒకడు, డబ్బిచ్చేవాడు ఇంకొకడు అయినప్పుడు మాటలు ఏ కొలతలో సాగినా, కాగితం మీద మెట్రిక్ ఉండాలి. మందుల విషయంలో ఇంకో కొలత మాటే వద్దు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. మనం పాతవి అనుకునే కొలతలన్నీ ఒక కోవకు చెందవు. మూర, బార, సోల, మానిక, వీశె మనవి. అడుగు, అంగుళం, ఎకరం, సెంటు ఇంగ్లీషువాళ్ళు తెచ్చినవి. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 అక్టోబరు నుంచి విడతలుగా కిలోలు, మీటర్లు వచ్చాయి. ఆ దెబ్బకి మన సొంత కొలతలు దాదాపు మాయమయ్యాయి, ఇంగ్లీషువాళ్ళవి మాత్రం నేల దగ్గర, ఇంటి పని దగ్గర గట్టిగా నిలబడ్డాయి. కారణం సులువే. బియ్యం ఎప్పటికప్పుడు కొత్తగా కొలుచుకుంటాం. నేల దస్తావేజులు, పక్కా ఇంటి గోడలు, తలుపు చట్రాలు మాత్రం ఒకసారి రాసుకున్న, కట్టుకున్న కొలతలోనే తరాల తరబడి ఉండిపోతాయి.

నేల: బేరం గ్రౌండులో, లెక్క చదరపు మీటర్లలో

ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే, ఎందుకంటే పోతే లక్షల్లో పోతుంది. చెన్నై గ్రౌండు 2,400 చదరపు అడుగులు. అంటే దాదాపు 223 చదరపు మీటర్లు, 266.67 చదరపు గజాలు, సుమారు 5.5 సెంట్లు. సెంటంటే ఎకరంలో నూరో వంతు, 435.6 చదరపు అడుగులు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి గ్రౌండుకి 33 అంకణాల పైచిలుకు వస్తాయి. తిరుపతి వైపు అంకణమంటే 36 చదరపు అడుగులే. పక్కపక్క జిల్లాల మనుషులమే కదా అని అంకణాల్లో మాట ఇచ్చేముందు, ఏ ఊరి అంకణమో అడిగి తెలుసుకోవాలి. గజం, సెంటు, గ్రౌండు ఎక్కడైనా ఒకటే. అంకణం అలా కాదు. అందుకే నేను అంకణాన్ని బేరంలోకి రానివ్వను.

ఇక కాగితాలు. తమిళనాడు పట్టాలో విస్తీర్ణం హెక్టేరు, ఏర్ లెక్కలో ఉంటుంది. ఏర్ అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 1,076 చదరపు అడుగులు. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఈ ఏర్‌ని ఎకరం అనుకునే ప్రమాదం ఉంది. ఎకరంలో 40 ఏర్లకు పైనే ఉంటాయి. ఒక గ్రౌండు స్థలానికి పట్టాలో 2.23 ఏర్లు కనబడాలి. దస్తావేజులో మాత్రం తరచూ చదరపు అడుగులే రాస్తారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, చదరపు మీటర్లను 10.764తో గుణించి చూసుకోండి. ఒకటి రెండు అడుగుల తేడా వస్తే దశాంశాలు కుదించడం వల్ల వచ్చిందనుకోవచ్చు. ముప్పై నలభై అడుగుల తేడా కనబడితే అడ్వాన్సు ఇచ్చేముందే సర్వేయర్‌ని పిలవాలి. చదరపు అడుగు 8,000 రూపాయలనుకుంటే నలభై అడుగులంటే 3,20,000 రూపాయలు.

విస్తీర్ణం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. నాలుగు పక్కల పొడవులూ, ఒక మూల నుంచి ఎదురు మూలకి ఒక కొలతా తీయించండి. నాలుగు పక్కలు సరిపోయినంత మాత్రాన స్థలం చదరంగా ఉన్నట్టు కాదు. కాస్త ఒరిగిన స్థలంలో పక్కలు అవే ఉన్నా వైశాల్యం తగ్గుతుంది. మూలకొలత ఉంటే స్థలాన్ని రెండు త్రికోణాలు చేసి లెక్క తేల్చవచ్చు. ఈ పని అడుగుల్లో చేసినా మీటర్లలో చేసినా ఒకటే, కాకపోతే మీటర్లలో దశాంశాలు పొరపాటు లేకుండా వస్తాయి. ఎందుకో ఇంటి పని దగ్గర చెబుతాను.

నేలను అడుగుల్లో కొలవడానికి ఈ ఊరితో ఒక సంబంధం ఉంది. దేశమంతటినీ త్రికోణాలుగా కొలిచిన గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేకి మొదటి గీత పడింది ఇక్కడే. 1802లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నూరడుగుల ఉక్కు గొలుసు పరిచి, దాదాపు ఏడున్నర మైళ్ళ ఆధారరేఖ కొలిచాడు. ఇప్పుడు ఆ కొండ పక్కనే మెట్రో రైలు స్టేషన్ ఉంది.

ఫ్లాటు కొనేవాళ్ళకి మాత్రం వేరే మాట. అక్కడ మోసం అడుగులో ఉండదు, మీటర్లో ఉండదు. ఏ విస్తీర్ణం చెబుతున్నారన్నదాంట్లో ఉంటుంది. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనబడేది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, వరండాల వాటా అందులో కలిసి ఉంటుంది. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం లెక్కలోకి రావాల్సింది కార్పెట్ ఏరియా. లోపలి గోడలు అందులోకి వస్తాయి, బయటి గోడలు, బాల్కనీ రావు. దాంతో పాటు చెన్నైలో యూడీఎస్ అని విడిగా అడగాలి. అంటే అపార్టుమెంటు కింద ఉన్న నేలలో మీ వాటా. పాతికేళ్ళ తర్వాత భవనం పాతబడితే మిగిలేది అదే. ఈ మూడు అంకెలూ ఒకే కొలతలో, ఒకే కాగితం మీద రాయించుకుంటే చాలు. చదరపు అడుగుల్లో రాసిచ్చినా నాకు అభ్యంతరం లేదు.

ఇంటి పని: ఇక్కడ అడుగులు ముంచుతాయి

మేస్త్రీ పది అడుగుల ఆరంగుళాల గదిని కాగితం మీద 10.6 అని రాస్తాడు. అది వాళ్ళ అలవాటు, వాళ్ళకి అర్థమవుతుంది. ఆ కాగితం తీసుకుని మీరు కాలిక్యులేటర్‌లో 10.6 కొడితే తప్పు, ఎందుకంటే అసలు విలువ 10.5. పది అడుగుల పది అంగుళాలైతే ఇంకా ఘోరం. 10.10 అని రాసి ఉంటుంది, కాలిక్యులేటర్ దాన్ని 10.1గా తీసుకుంటుంది, అసలు విలువ 10.83. అలాంటి గది 10 అడుగుల 10 అంగుళాలు, 12 అడుగుల 6 అంగుళాలు ఉంటే నిజమైన వైశాల్యం 135.4 చదరపు అడుగులు. 10.1, 12.6 అని కొడితే 127.3 వస్తుంది. ఒక్క గదిలోనే ఎనిమిది అడుగులు తగ్గిపోయాయి. మీటర్లలో 3.30, 3.81 అని రాసుకుంటే ఈ తలనొప్పి పుట్టదు. పన్నెండుతో భాగించే పని లేకపోవడమే మెట్రిక్‌లో ఉన్న అసలు సుఖం.

టైల్స్ కొనేటప్పుడు ఇంకో చిన్న గొయ్యి ఉంటుంది. కొట్లో రెండుకి రెండు అని పిలిచేది నిజానికి 600 మిల్లీమీటర్ల టైల్. రెండడుగులంటే 609.6 మిల్లీమీటర్లు. దాంతో ఒక్కో టైల్ నాలుగు చదరపు అడుగులు కాదు, 3.875 మాత్రమే. 180 చదరపు అడుగుల హాలుకి నాలుగుతో భాగించి 45 చాలనుకుంటారు. నిజానికి 47 కావాలి, కోతల్లో పోయేది ఆపైన. నాలుగు టైల్స్ పెట్టె మీద 1.44 చదరపు మీటర్లు అని అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె పట్టుకుని లెక్క వేయండి. రెండోసారి వెళితే అదే బ్యాచ్ రంగు దొరకడం మన అదృష్టం మీద ఆధారపడుతుంది.

కమ్మి విషయంలో తమిళ మేస్త్రీ నూల్ అంటాడు, ఉత్తరాది వడ్రంగి సూత్ అంటాడు. రెండూ అంగుళంలో ఎనిమిదో వంతే, అంటే 3.2 మిల్లీమీటర్ల లోపు. నాలుగు నూల్ అంటే లెక్క ప్రకారం 12.7 మిల్లీమీటర్లు, కొట్టువాడిచ్చేది 12 మిల్లీమీటర్ల కమ్మి. మూడు నూల్ అంటే పది ఇస్తాడు. మాటలో ఎలా అన్నా ఆర్డరు మిల్లీమీటర్లలోనే రాయండి. ఎందుకంటే కమ్మిని తూకానికి అమ్ముతారు, ఆ తూకం సరిచూసుకునే సూత్రం మిల్లీమీటర్లలోనే ఉంది. కమ్మి మందాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కమ్మి మీటరు 0.89 కిలో, పన్నెండు మీటర్ల పూర్తి కమ్మి 10.7 కిలోలు. లారీ దిగగానే కమ్ములు లెక్కపెట్టి గుణిస్తే వేబ్రిడ్జి చీటీ నిజమో కాదో తెలిసిపోతుంది. నూల్ లెక్కలో ఈ పని జరగదు.

ఇసుక, కంకర ఇక్కడ యూనిట్ల లెక్క. యూనిట్ అంటే నూరు ఘనపుటడుగులు, 2.83 ఘనపు మీటర్లు. రెడీమిక్స్ కాంక్రీటు మాత్రం ఘనపు మీటర్లలో వస్తుంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఐదంగుళాల మందం వేస్తే 417 ఘనపుటడుగులు, అంటే 11.8 ఘనపు మీటర్లు. మీకూ కాంట్రాక్టరుకీ మధ్య ఈ ఒక్క మార్పిడి తెలిస్తే ఎన్ని లారీలు రావాలో ఇద్దరికీ ఒకే జవాబు వస్తుంది.

ఇంత చెప్పాక కూడా, మేస్త్రీకి మీటర్లు నేర్పే ప్రయత్నం చేయకండి. పని చేసే చెయ్యి ఏ కొలతలో ఆలోచిస్తుందో ఆ కొలతలోనే గోడ నిట్టనిలువుగా లేస్తుంది. ప్లైవుడ్ ఎనిమిదికి నాలుగు అడుగులు, మందం మాత్రం 18 మిల్లీమీటర్లు. ఆ కలగాపులగంతో వడ్రంగులు ఏ ఇబ్బందీ లేకుండా పని చేస్తారు. మాడ్యులర్ కిచెన్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ దగ్గర మాత్రం మిల్లీమీటర్లే అడగండి. కంపెనీ కాగితంలో అదే ఉంటుంది, పైగా తలుపు సందులోంచి ఫ్రిజ్ పడుతుందా లేదా అన్నది అరంగుళం దగ్గరే తేలుతుంది.

బంగారం: పేరు ఏదైనా గ్రాములు చెప్పించండి

చెన్నైలో సవరన్ 8 గ్రాములు. మన కోస్తా, రాయలసీమ ఇళ్ళలో కాసు కూడా 8 గ్రాములే. ఇక్కడివరకు చిక్కు లేదు. తులం దగ్గరే తేడా. పాత తులం 11.66 గ్రాములు, ఈనాడు తెలంగాణలో వ్యాపారం పది గ్రాముల తులంతో నడుస్తుంది. పది కాసుల హారం 80 గ్రాములు, పది తులాలదైతే నూరు గ్రాములు, పెద్దవాళ్ళ పాత లెక్కలో 116 దాటుతుంది. రెండు కుటుంబాలు ఫోనులో పదికి చేయిద్దాం అనుకుని పెట్టేస్తే, ఎవరి మనసులో ఏ పది ఉందో పెళ్ళి దగ్గరపడ్డాక గానీ బయటపడదు. మొదటి రోజే గ్రాముల్లో అనుకుంటే మర్యాదకి ఏ లోటూ రాదు.

పేపర్లో ధర సవరన్‌కి ఇంత అని చదవడం బాగానే ఉంటుంది, పెరిగిందా తగ్గిందా తెలుస్తుంది. కొట్లోకి అడుగుపెట్టాక మాత్రం గ్రాముల్లోకి మారిపోండి. ఇక్కడ సేదారం, సెయ్‌కూలి అని రెండు అంటారు, మన తరుగు, మజూరీ అన్నమాట. తరుగు శాతంలో చెబుతారు. 12 శాతం అంటే వినడానికి చిన్నదే, సవరన్‌కి 0.96 గ్రాము అంటే కళ్ళు తెరుచుకుంటాయి. ఐదు సవరన్ల గొలుసుకి 4.8 గ్రాములు, అర సవరన్ కంటే ఎక్కువ. రెండు కొట్లని పోల్చాలంటే శాతాలని పోల్చకండి. రాళ్ళ బరువు తీసేసిన నికర బంగారం ఎన్ని గ్రాములు, పన్నుతో కలిపి మొత్తం ఎంత చెల్లిస్తారు, రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. ఆ ఒక్క అంకె ఎక్కడ తక్కువ వస్తే అక్కడ కొనండి. నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపు కోడ్) ఉందో లేదో చూసుకోవడం ఎలాగూ తప్పదు, 2023 ఏప్రిల్ నుంచి అది లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు.

వంటిల్లు: నిష్పత్తికి గ్లాసు, ఉప్పుకి తూకం

ఇడ్లీ పిండికి నాలుగు పాళ్ళ బియ్యం, ఒక పాలు మినప్పప్పు. నాలుగు గ్లాసులు, ఒక గ్లాసు. గ్లాసు ఏ సైజుదైనా ఇడ్లీకి తేడా తెలియదు. అన్నానికి నీళ్ళు కూడా అంతే. ఇలాంటి చోట గ్రాముల త్రాసు తెచ్చి పెట్టడం శ్రమ తప్ప లాభం లేదు. మన పాత కొలపాత్రలు ఈ పనికి ఎంత చక్కగా కుదిరాయో చూడండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. అన్నీ సగాలూ రెట్టింపులూ. ఇక్కడి తమిళుల ఆళాక్కు, ఉళక్కు, పడి కూడా అదే పద్ధతి. నలుగురికి వండేది ఎనిమిది మందికి వండాలంటే ఒక పాత్ర పెద్దది తీస్తే సరిపోయేది. పదితో గుణించడం కాగితం మీద తేలిక, చేతికి మాత్రం సగం చేయడం, రెట్టింపు చేయడమే తేలిక.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒకరి గ్లాసు లెక్క ఇంకొకరి వంటింట్లోకి వచ్చినప్పుడు. ఇంటర్నెట్‌లో అమెరికా వంటకం చూస్తే వాళ్ళ కప్పు 240 మిల్లీలీటర్ల దగ్గర ఉంటుంది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అది జపాన్ వాళ్ళ కొలత. కుక్కర్ గిన్నె లోపలి గీతలు ఆ 180 కప్పుకే గీసినవి. ఆ కప్పు పారేసి టీ గ్లాసుతో పోసి, గీత దాకా నీళ్ళు పెడితే అన్నం మెత్తగానో పలుకుగానో అవుతుంది. ఆ ప్లాస్టిక్ కప్పు ముఖ్యమైన వస్తువు, దాచుకోండి.

ఆవకాయ మాత్రం వేరు. అమ్మ ఫోనులో సోల కారం, సోల ఆవపిండి, సోల ఉప్పు అని చెబుతుంది. సమానమే కదా అని చెన్నైలో అదే గ్లాసుతో కొలుస్తాం. అమ్మ కొలిచేది కళ్ళుప్పు, లేదా దాన్ని తన చేత్తో కొట్టిన పొడి. మనం పోసేది ప్యాకెట్టులోని సన్నటి ఉప్పు. కళ్ళుప్పు రవ్వల మధ్య గాలి ఉంటుంది కాబట్టి అదే గ్లాసుకి బరువు తక్కువ. సన్న ఉప్పు గ్లాసు నిండా దట్టంగా పడుతుంది. పాళ్ళు సమానంగానే ఉంటాయి, పచ్చడి మాత్రం ఉప్పు కసిగా అవుతుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మ సోలతో పోసిన ఉప్పునీ, కారాన్నీ, ఆవపిండినీ ఒక్కసారి త్రాసు మీద పెట్టి గ్రాములు రాసుకోండి. ఆ తర్వాత ఏ ఉప్పు కొన్నా ఏ ఊళ్ళో ఉన్నా ఇబ్బంది లేదు. కేకు చేసేవాళ్ళకి మైదా విషయంలో కూడా ఇదే జరుగుతుంది, నొక్కి పోసిన కప్పుకీ జల్లించి పోసిన కప్పుకీ చాలా తేడా.

నాయనమ్మల చేతిరాత పుస్తకాల్లో వీశె కనబడితే కంగారుపడొద్దు. మద్రాసు లెక్కలో వీశె అంటే 120 తులాలు, 1.4 కిలో. ఎనిమిది వీశెలు మణుగు, 11.2 కిలోలు. ఉత్తరాది మణుగు 37.3 కిలోలు కాబట్టి, ఇంటర్నెట్‌లో మణుగుకి కిలోలు వెతికి దాంతో పచ్చళ్ళ లెక్క వేస్తే జాడీలు చాలవు. నెల్లూరు ధాన్యం పుట్టి కూడా ఇలాంటిదే, అక్కడ 850 కిలోలు. కౌలు మాట్లాడేటప్పుడు పుట్లలో మాట్లాడినా, పక్కన కిలోలు రాయించుకోవాలి.

నూనె గురించి ఒక్క మాట. లీటరు నూనె 910 గ్రాముల దగ్గర ఉంటుంది. మరచెక్కు (కట్టె గానుగ) నూనె ఒక కొట్లో లీటరు 300 అని, పక్క కొట్లో కిలో 320 అని రాసి ఉంటే, రెండోదే చవక. లీటరు 300 అంటే కిలో దాదాపు 330 పడుతుంది. ప్యాకెట్ల మీద గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంతో రాయాలనే నిబంధన ఉంది. 850 గ్రాములు, 750 మిల్లీలీటర్లు లాంటి వింత సైజులను పోల్చడానికి ఆ చిన్న అక్షరాలే దిక్కు.

పూలు, చీరలు

పూలు మూరల్లోనే కొనండి. పూలమ్మే ఆవిడ మూర పొట్టిదని గొణుక్కోవడం మానలేం, కానీ మూరకి బదులు అర మీటరని అమ్మినా మనకొచ్చే పూలు పెరగవు. దండ ఒత్తుగా కట్టారా, ఎడంగా కట్టారా అన్నదే చూడాలి. ముహూర్తానికి పెద్ద ఎత్తున కావాలంటే కోయంబేడులో విడిపూలు కిలోల్లో కొని, కట్టించుకోవడం మేలు. అప్పుడు దారం బరువు కూడా మీ నెత్తిన పడదు.

చీర ఆరు గజాలంటే 5.49 మీటర్లు. కొట్లో ఐదున్నర మీటర్లు అంటారు, జాకెట్టు ముక్క కలిస్తే ఇంకో 80 సెంటీమీటర్లు. తొమ్మిది గజాలు 8.23 మీటర్లు. బట్ట మీటర్లలో కొని, జాకెట్టు కొలతలు అంగుళాల్లో ఇవ్వడం మామూలే. టైలరుకి సెంటీమీటర్లలో చెప్పి పేచీ పెట్టుకోకండి, పావంగుళం అతని చేతికి బాగా తెలుసు.

నీళ్ళు: ఇక్కడ మెట్రిక్‌కి పోటీ లేదు

సంప్ ఎనిమిదికి ఆరు, లోతు ఐదు అడుగులు అని మేస్త్రీ చెబుతాడు. ఎన్ని లీటర్లు పడతాయో అందులోంచి ఠక్కున చెప్పగలిగేవాళ్ళు తక్కువ. 240 ఘనపుటడుగులను 28.3తో గుణిస్తే సుమారు 6,800 లీటర్లు. అదే రెండు మీటర్లకి రెండు, లోతు ఒకటిన్నర అంటే ఆరు ఘనపు మీటర్లు, ఆరు వేల లీటర్లు. ఆరు టన్నుల బరువు కూడా అదే అంకెలో ఉంది, మేడ మీద ట్యాంకు కట్టేవాళ్ళు అది కూడా చూసుకోవాలి. పొడవు నుంచి లీటర్లకీ, లీటర్ల నుంచి బరువుకీ సున్నాలు జరుపుకుంటూ పోవచ్చు. ఎండాకాలంలో 12,000 లీటర్ల లారీ మాట్లాడుకునేముందు మీ సంప్‌లో అన్ని పడతాయో లేదో ఈ లెక్కతో చూసుకోండి.

వాన లెక్క ఇంకా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మేడంటే 93 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడిన రోజు దాని మీద పడ్డవి 4,650 లీటర్లు. చెన్నైలో ఏడాదికి 1,400 మిల్లీమీటర్ల దాకా పడుతుంది కాబట్టి లక్షా ముప్పై వేల లీటర్లు, కొంత ఆవిరైనా లక్ష మిగులుతుంది. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి గుంత తప్పనిసరి. మీ గుంత ఎంత పెద్దదిగా ఉండాలో ఈ లెక్కే చెబుతుంది. ఊళ్ళో రైతులు పదునైందా అని మట్టి తీసి చూస్తారు. విత్తనం వేయడానికి వాళ్ళకి మిల్లీమీటర్ల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

వార్తల్లో వచ్చే టీఎంసీలు కూడా ఇలా విప్పుకుంటే అర్థమవుతాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో 2,830 కోట్లు. 1983 తెలుగు గంగ ఒప్పందం ప్రకారం ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి ఏటా 12 టీఎంసీల కృష్ణా నీళ్ళు రావాలి. దాన్ని 365తో భాగిస్తే రోజుకి 93 కోట్ల లీటర్లు. మెట్రో వాటర్ వాళ్ళు తమ సరఫరాని రోజుకి ఇన్ని ఎంఎల్‌డీలని చెబుతారు, ఒక ఎంఎల్‌డీ పది లక్షల లీటర్లు. అంటే ఆ 12 టీఎంసీలు 930 ఎంఎల్‌డీలు. ఈ ఏడు ఇన్ని టీఎంసీలే వచ్చాయని చదివినప్పుడు, మీ కొళాయి సంగతేమిటో ఇక మీరే లెక్క కట్టుకోవచ్చు.

మందులు

పిల్లల జ్వరం మందు చెంచాతో పోయకూడదు. ఇంటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. పైగా పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములదీ ఉంది, 250 మిల్లీగ్రాములదీ ఉంది, చుక్కల మందైతే ఇంకా గాఢం. ఒక చెంచా వేశాం అని డాక్టరుకి ఫోనులో చెబితే ఆయనకి ఏమీ తెలియదు. సీసా మీది మిల్లీగ్రాముల అంకె, పోసిన మిల్లీలీటర్లు, పిల్లల బరువు కిలోల్లో, ఈ మూడూ చెప్పండి. సీసాతో వచ్చే మూతో, సూది లేని సిరంజో వాడండి. థర్మామీటరు ఫారెన్‌హీట్‌లో ఉన్నా పర్వాలేదు, 100.4 అంటే 38 డిగ్రీల సెల్సియస్ అని గుర్తుంటే చాలు.

పట్టించుకోనక్కర్లేనివి

టీవీ 43 అంగుళాలని అడిగితే పెట్టె మీద 108 సెంటీమీటర్లని ఉంటుంది. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం ధర చెప్పేటప్పుడు ప్రామాణిక కొలతల్లోనే చెప్పాలి కాబట్టి అలా రాస్తారు. కొనేవాళ్ళకి అంగుళాలే చాలు. టైరు గాలి పీఎస్‌ఐ, ఏసీ టన్నులు కూడా అంతే. వీటిని మార్చుకుని చూసినా నిర్ణయం మారదు.

ఇంట్లో ఉండాల్సినవి మూడు: ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉన్న ఐదు మీటర్ల ఉక్కు టేపు, గ్రాము వరకు చూపించే వంటింటి త్రాసు, మిల్లీలీటర్ల గీతలున్న కొలజాడీ. టేపు కొస కొక్కెం కాస్త ముందుకీ వెనక్కీ కదులుతుంటే పాడైందని అనుకోకండి. బయటి కొలతకీ లోపలి కొలతకీ దాని మందం అడ్డురాకుండా అలా చేస్తారు. గుడ్డ టేపు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ సాగుతుంది. కాబట్టి పని మొదలుపెట్టే రోజు మేస్త్రీ టేపునీ మీ టేపునీ పక్కపక్కన పరిచి, మూడు మీటర్ల గీత దగ్గర కలుస్తున్నాయో లేదో చూసి, తేడా ఉంటే పని పూర్తయ్యేదాకా ఇద్దరూ ఒకే టేపు వాడండి.